మా వీధి మలుపులో డప్పు ఆగే చోటు

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఫ్యాను గాలి అందకపోతే చాప ఇటు లాక్కోండి. కాళ్లు చాపుకున్నా ఎవరూ ఏమీ అనరు. నేను చెప్పబోయేది మా వీధిలో ఒక మలుపు సంగతి. కొలిస్తే ఆరడుగుల చోటు ఉంటుంది, అంతకంటే ఉండదు. ఆ ఆరడుగుల కోసం మొన్న వైశాఖంలో నేను పడిన హడావుడి నా పెళ్లికి కూడా పడలేదు. ఇప్పుడు చెబుతూంటే కూడా గుండె గబగబా కొట్టుకుంటోంది, చూడండి.

మాది విజయనగరంలో పాత పేట. మా అత్తవారిది బెల్లం, చింతపండు కొట్టు. వీధివైపు కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక పెరడు. మా ఇంటిని ఆనుకునే వీధి మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. నేను కాపురానికి వచ్చిన రోజుల్లో అక్కడ తాటాకు ఇల్లు ఉండేది. అందులో మంత్రసాని మామ్మ ఒక్కతే ఉండేది. ఆవిడ పెరటికీ మా పెరటికీ మధ్య ములగచెట్టు ఒక్కటే అడ్డం.

ఏటా వైశాఖంలో ఒక మంగళవారం మా పేట అమ్మవారి పండగ. పసుపు పూసి, వేపమండలు చుట్టిన కుండని ఘటం అంటాం. దాన్ని ఒక మనిషి నెత్తిన పెట్టుకుని ప్రతి వీధికీ తిరుగుతాడు. ముందు డప్పులు మోగుతూంటాయి. ఘటం గడప ముందుకి రాగానే ఆ ఇంటి ఆడవాళ్లు అతని కాళ్ల మీద పసుపు నీళ్లు పోస్తారు. అంతటా ఇదే పద్ధతి. మా మలుపు దగ్గర మాత్రం అంతా తిరకాసు. అక్కడికి రాగానే డప్పులు ఠక్కున ఆగిపోతాయి. పసుపు నీళ్లు కాళ్ల మీద కాకుండా నేలమీద పోస్తారు. ఆ తరవాత డప్పువాళ్లు కర్రలు చంకలో పెట్టుకుని, మూడు నాలుగు ఇళ్లు దాటేదాకా వట్టి వేళ్లతో వాయిస్తారు. వాన చినుకులు అరటాకు మీద పడినట్టు ఉంటుంది ఆ చప్పుడు. తరవాత మళ్లీ కర్రలు తీసి దంచుతారు.

ఎందుకలాగ అంటే తలా ఒక మాట. అక్కడ పాముపుట్ట ఉండేదని ఒకరు, దిష్టి చోటని ఒకరు. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, కరెంటు తీగ అంటారు. ఆయనకి ఎనభై నిండాయి, పేటలో పెద్దమనిషి, ఆయన అన్నాక ఇంక తిరుగులేదు. ఒకప్పుడు అక్కడ తీగ కిందికి వేలాడేదట. ఘటానికి తగలకుండా వంగి నడవాలి కాబట్టి డప్పులు ఆపేవారట. తీగకి నీళ్లెందుకు పోస్తారని ఆయన్ని అడిగినవాళ్లు లేరు.

నా లెక్క వేరు. మంత్రసాని మామ్మ పేటంతటికీ పురుళ్లు పోసింది కాబట్టి, ఆవిడ పోయాక ఆ గడపకి మర్యాదగా డప్పు ఆపుతున్నారని నేను అనుకునేదాన్ని. అనుకోవడమేమిటి, మా పిల్లలకీ మనవలకీ అలాగే చెప్పాను.

ఇంతలో మొన్న పండగకి పది రోజుల ముందు కమిటీవాళ్లు మా అరుగు మీద కూర్చున్నారు. కమిటీకి పెద్ద మా బావగారి కొడుకే. ఈ ఏడు పెద్ద పెద్ద సౌండు బాక్సులు పెట్టిన వ్యాను తెప్పిస్తున్నారట. అది మా సందులో తిరగదు. అందుకని ఘటాన్ని కొత్త సిమెంటు రోడ్డు మీదనుంచే పట్టుకెళ్లిపోతారు, మా వీధివాళ్లు చెంబులు పట్టుకుని రోడ్డు మీదికి రావాలి.

బావగారు కూర్చున్నచోట ఎదురుగా నిలబడి మాట్లాడటం మా ఇళ్లలో లేదు. యాభై ఎనిమిదేళ్లుగా ఆయనతో ఏది చెప్పినా తలుపు వెనకనుంచే. అక్కడినుంచే అన్నాను.

"ఒరే బాబూ, మరి మలుపు దగ్గర డప్పు ఆగాల గదరా."

"ఎందుకాగాల పిన్నీ?" అన్నాడు వాడు.

"మంత్రసాని మామ్మ గడప గదరా అది. ఆవిడ పోయినకాడనుంచి ఆపుతన్నారు."

పడక్కుర్చీలో ఉన్న బావగారు నాతో కాదు, గోడతో చెప్పినట్టు అన్నారు. "ఆవిడ పోవడమేటి? నా సిన్నప్పుడే ఆగీవోరు. అప్పటికి ఆవిడ దుక్కలాగ ఉండీది. కరెంటు తీగరా అంటే ఇనరు. ఈ ఆడోళ్లకి కథలు కావాల."

ఆయన అన్నది నిజం. నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడే మా అత్తగారు నా చేతికి పసుపు నీళ్ల చెంబు ఇచ్చి, "మలుపు కాడ నేలమీద పొయ్యి, కాళ్ల మీద పొయ్యకు" అని పంపించారు. ఆ రోజు మంత్రసాని మామ్మ తన గడపలోనే కూర్చుని నన్ను చూసి నవ్వింది. బతికున్న మనిషికి పోయినవాళ్ల మర్యాద ఏమిటి? ఇన్నేళ్లుగా ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు.

నా మాట తప్పని తేలిపోయింది. సిగ్గేసింది. వెంటనే ఇంకోటి కూడా తట్టింది, అది తట్టగానే సిగ్గు ఎగిరిపోయింది.

"ఒరే బాబూ, మీ నాన్నగారి సిన్నప్పుడు ఈ ఈదిలో కరెంటు ఎక్కడిదిరా? నాను వచ్చిన రెండేళ్లకి గదా స్తంభాలు పాతారు. నా పెళ్లి ఊరేగింపు పెట్రోమాక్సు దీపాలతో నడిసినాది, సూసినోళ్లని అడుగు."

అరుగు మీద ఒకటే నవ్వులు. "అయిపోయింది నాన్నా నీ తీగ, తెగిపోయింది" అన్నాడు వాడు తండ్రితో. బావగారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

ఇద్దరి కథలూ పోయాయి. మిగిలింది ఆ ఆరడుగుల చోటు ఒక్కటే. వాడు లేస్తూ లేస్తూ నాతో అన్నాడు. "పిన్నీ, నీ మీద గౌరవం ఉన్నాది గాని, ఎవులికీ తెలని పని కోసం వ్యాను ఆపి, ఘటాన్ని గంటసేపు సందులో తిప్పలేం. ఆదివారం మళ్లీ కూకుంటాం. ఎందుకాగాలో అప్పటికి సెప్పు, ఘటం సందులోకి తెస్తాను. సెప్పలేకపోతే రోడ్డు మీదే."

"సెప్తాను" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

అంత పట్టుదల ఎందుకంటారా? మంత్రసాని మామ్మకి పిల్లల్లేరు. ఫొటో లేదు. ఆవిడ పోయినప్పుడు నేను బొబ్బిలి దగ్గర మా పుట్టింట్లో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి ఇల్లు పీకేశారు. పైకప్పు తాటాకు కూడా ఎవరి పొయ్యిలోకో పోయింది. నా నలుగురు పిల్లల్నీ ఈ నేలమీదికి దించిన చేతులవి, ఆ చేతులకి చివరిసారి ఒక దండం పెట్టుకోలేకపోయాను. డప్పు అక్కడ ఎందుకాగుతుందో ఏమో గాని, ఆవిడ గడప ముందు ఆగుతోంది. అదీ ఆగకపోతే ఆవిడ ఈ ఊళ్లో పుట్టనే లేదన్నట్టు.

నా మొదటి కాన్పు నాకు నిన్న జరిగినట్టుంది. ఆవిడ నా పొట్టకి చెవి ఆనించి, గదిలో ఉన్న ఆడవాళ్లని కసిరేది. "నోరు ముయ్యండే. లోపలోళ్లు ఏటో సెప్తన్నారు, నన్ను ఇననియ్యండి." నేను నొప్పుల్లో కూడా నవ్వేశాను. బిడ్డ ఎలా ఉందో ఆవిడకి చెవే చెప్పాలి, వేరే సాధనం ఏదీ లేదు. ఇంకో పద్ధతి కూడా ఉండేది ఆవిడకి. పురిటి గదిలో జరిగింది ఏదైనా అక్కడే వదిలేసి బయటికి వచ్చేది. ఎవరు ఎంత ఏడ్చారో, ఎవరికి ఎంత కష్టమైందో, ఎవరిని తిట్టుకున్నారో, ఒక్క మాట బయట అనేది కాదు. "ఆ గది మాట గడప దాటకూడదు" అనేది. అందుకే ఇంత పేటకి పురుళ్లు పోసిన మనిషి గురించి చెప్పుకోవడానికి పేటలో ఒక్క కథా లేదు.

శుక్రవారం సాయంత్రం మా మనవరాలు ఎచ్చెర్లనుంచి వచ్చింది, అక్కడ యూనివర్సిటీలో చదువుతోంది. నా గొడవంతా విని, జడ అల్లించుకుంటూ తాపీగా అంది. "నానమ్మా, ఆగేది డప్పువాళ్లు కదా. వాళ్లని అడిగావా?"

అడగలేదు. అరుగు మీద కూర్చున్నవాళ్లందరికీ తలా ఒక కథ ఉంది గాని, డప్పు పట్టుకున్న మనిషిని అడగాలని మా ఎవరికీ తోచలేదు.

శనివారం పొద్దున్నే డప్పువాళ్ల వీధికి వెళ్లాం. ఇప్పుడు వాయించేవాళ్లు చిన్నవాళ్లు. "మాకు నేర్పిన పెద్దాయన అలగే నేర్పినాడమ్మా. ఎందుకని అడిగితే చెంప మీద కొట్టినాడు" అన్నాడొకడు. ఆ పెద్దాయన నెల్లిమర్లలో ఉన్నాడట, జూట్ మిల్లు దగ్గర కూతురింట్లో. మా మనవరాలు స్కూటీ తిప్పింది. నా నెత్తిన హెల్మెట్టు పెట్టి బిగించింది. ఒళ్లో మామిడిపళ్ల సంచి. దారిలో ఎవరో తెలిసినాయన చూసి, "ఏటమ్మా, నువ్వూ ఘటమెత్తినావేటి?" అని కేకేశాడు. నవ్వడానికి కూడా లేదు, గడ్డం కింద బెల్టు పట్టేసింది.

పెద్దాయన వేపచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. కళ్లు మసకలు. చెవులు మాత్రం పాముచెవులు. మేము గేటు తియ్యకముందే, "ఆడమనుసులు ఇద్దరు. ఒకలు ముసిలోళ్లు" అన్నాడు.

"విజయనగరంనుంచి వచ్చినాం తాతా. బెల్లం కొట్టోరి సిన్న కోడల్ని" అన్నాను.

ఆయన మొహం ఒక్కసారి విప్పారింది. చెయ్యి చాపాడు. "బెల్లం తెచ్చినావేటమ్మా?"

నేను మామిడిపండు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వాసన చూసి పక్కన పెట్టేశాడు. "పళ్లు ఎవులైనా తెస్తారు. మీ ఇంటికాడనుంచి బెల్లం రావాల. మా అయ్య ఉన్నప్పుడు ఏటా పండగ మర్నాడు మీ అత్త పెరటి తలుపు కాడ దిమ్మ ఇచ్చీది, మనిసి తలకాయంత. మా అయ్య తరవాత నాకిచ్చీది. ఆవిడ పోయినాక రానేదు."

ఇది నాకు కొత్త మాట. మా అత్తగారు పోయి ముప్పై ఏళ్లు దాటింది. ఎందుకిచ్చేవారు తాతా అని అడిగాను. మలుపు దగ్గర డప్పు ఎందుకాపుతారో కూడా అడిగాను.

"రెండూ ఒకటే గదమ్మా" అన్నాడు. "సెప్పొద్దని మా అయ్య ఒట్టు ఏసుకున్నాడు. ఆ ఇంటి తల్లి బతికుండగా సెప్పనని. ఆవిడ పోయినాక మీ ఇంటోళ్లు ఎవులైనా అడిగితే సెబుదారి అనుకున్నాను. ఎవులూ అడగనేదు."

అప్పుడు చెప్పాడు. ఆయన మాటలు చెబుతూ కుర్చీ చేతి మీద వేళ్లతో దరువు వేస్తూనే ఉన్నాడు.

ఒక ఏడు పండగనాడు మా వీధిలో ఒకింట్లో తొలి కాన్పు. రెండు రోజులుగా నొప్పులు. బయటికి చెప్పలేదు. ఎందుకంటే పురుడు వచ్చిన ఇంటికి పదకొండు రోజులు మైల. మైల ఉన్న వీధిలోకి ఆ ఏడు ఘటం రాకూడదని కట్టుబాటు. ఒక్క ఇంటి మూలంగా వీధంతటికీ అమ్మవారు రాకుండా పోతే, ఆ పాపం జీవితమంతా ఆ కోడలి నెత్తిన వేస్తారు. అందుకని గుట్టుగా తలుపులు మూసి మంత్రసానిని పిలిచారు. అటు ఘటం వీధిలోకి వచ్చేసింది. డప్పుల మోతకి గోడలు అదురుతున్నాయి. పొట్టకి చెవి ఆనిస్తే డప్పు తప్ప ఏమీ వినిపించడం లేదు. బిడ్డ ఉందో లేదో తెలియదు. తల్లి స్పృహ తప్పుతోంది.

మంత్రసాని పెరటివైపునుంచి తన ఇంట్లోకి దూరి, వీధి గడపలోకి వచ్చి నిలబడింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఘటానికి ఎదురుగా నిలబడి, "డప్పు ఆపండి" అంది.

"అమ్మోరిని ఆపీ మనిసి ఎవులమ్మా అప్పట్లో?" అన్నాడు పెద్దాయన. "పేట పెద్దలంతా ఎనకాల నడుస్తన్నారు. ఏటే నీకు ఒళ్లు కొవ్వెక్కిందా అన్నారు. ఆవిడ బెదరనేదు. నాకు మొక్కు ఉన్నాది, పసుపు నీళ్లు తెచ్చీదాకా నా గడప కాడ డప్పు ఇనపడకూడదు, అంది. మొక్కు అన్నాక కాదనలేరు గదా. డప్పులు ఆపినారు. ఆవిడ లోపలికెల్లిపోనాది."

"పసుపు తేవడానికా?"

"అందరూ అలగే అనుకున్నారు. రాదే. ఎంతసేపటికీ రాదు. ఎండ మాడిపోతన్నాది, ఘటమెత్తినోడి మెడ నొప్పెడతన్నాది. పసుపు కొమ్ము కోసం సేనుకెల్లినాదేటి అని తిడతన్నారు. మా అయ్య ముందు వరసలో ఉన్నాడు. గోడకి దగ్గిరగా. ఆయనకి ఇనపడినాది, పక్కింటి గోడ ఎనకనుంచి." పెద్దాయన ఆగి, చిటికెనవేలు పైకెత్తాడు. "పసిబిడ్డ ఏడుపు. ఒక్కటే ఏడుపు, సన్నంగా, పిల్లికూనలాగ. ఎనకనున్న పెద్దలు ఇంటే అయిపోయినాదే. కర్ర పుచ్చుకుని గట్టిగా వాయించినాడనుకో, ఇప్పుడే పుట్టినోడు దడుసుకుంటాడు. వాయించకపోతే ఏడుపు ఇనపడిపోతాది. అందుకని వేళ్లతో మొదలెట్టినాడు. ఏడుపుని కప్పీ అంతే, బిడ్డకి జోలపాడీ అంతే."

కుర్చీ చేతి మీద ఆ చినుకుల దరువు వేసి చూపించాడు. మా మనవరాలు నా భుజం గట్టిగా పట్టుకుంది.

మంత్రసాని చెంబుతో బయటికి వచ్చింది. కాని పురుడు పోసిన చేతులు కదా, అమ్మవారిని మోసేవాడి కాళ్లు తాకకూడదు. అందుకని దూరంనుంచే నీళ్లు నేలమీద పోసి దండం పెట్టింది. మా మొక్కు ఇలాగే అంది. వెర్రి మనిషి అనుకున్నారు అందరూ. డప్పాయన మాత్రం పక్కకి వంగి, మైల కాదేటమ్మా అని మెల్లిగా అడిగాడట. "కన్నతల్లి గడప కాడ అమ్మోరికి మైలేట్రా" అందట ఆవిడ, మొహం మీద నవ్వు కూడా లేకుండా. మరుసటి ఏడునుంచి, మొక్కు మధ్యలో వదలకూడదని అదే పద్ధతి పట్టుకున్నారు. ఆ ఇంటి పెద్దలు పోయాక కారణం తెలిసినవాళ్లు ముగ్గురే. మంత్రసానికీ, డప్పాయనకీ, ఆ తల్లికీ.

"ఏ ఇంటి తల్లి తాతా?" అన్నాను.

ఆయన నవ్వాడు. పళ్లు రెండే ఉన్నాయి. "అదేటమ్మా, తెలకుండానే వచ్చినావా? మీ అత్త. ఊరికే ఇచ్చీదేటి అంతంత దిమ్మలు?"

తొలి కాన్పు అంటే బావగారు. కరెంటు తీగ అన్న మా బావగారు.

తిరిగి వస్తూంటే స్కూటీ నేలమీద నడుస్తోందో లేదో నాకు తెలియలేదు. "నానమ్మా, నడుం అంత గట్టిగా పట్టుకోకు, ఊపిరాడట్లేదు" అంటూనే ఉంది పిల్ల. నా మనసు పాత సంగతుల మీద పరుగులు తీస్తోంది. ఆ చెంబు నా చేతికి ఎందుకిచ్చారో, నేలమీద పొయ్యమని ఎందుకన్నారో, మంత్రసాని మామ్మ నన్ను చూసి ఎందుకు నవ్విందో. మా ఇంటి కథ మా ఇంటి పక్కనే యాభై ఎనిమిదేళ్లు కూర్చుని ఉంది. నేను రోజూ ముగ్గు వేస్తూ దాన్ని దాటి వెళుతున్నాను.

ఇల్లు చేరేసరికి ఉత్సాహం కొంచెం చల్లారి భయం పట్టుకుంది. ఆదివారం నేను అరుగు మీద ఈ మాట చెబితే గెలుస్తాను. డప్పు ఆగుతుంది. కాని ఆ గది మాట గడప దాటకూడదని ఆవిడ అనేది కదా. ఆవిడ మర్యాద నిలబెట్టడానికి ఆవిడ మాటే తప్పితే ఎలా? పైగా ఆ పురుడు నాది కాదు. ఎవరిదో వాళ్లకే చెప్పాలి, అంటే బావగారికి. ఆ తరవాత ఆయన ఇష్టం.

బావగారు బెల్లం కొట్టు వెనక గదిలో దిమ్మలు ఎంచుతున్నారు. అదే ఒకప్పటి పురిటి గది. తలుపు దగ్గర ఆగాను, అలవాటు కదా. తరవాత లోపలికి వెళ్లి, ఎదురుగా నిలబడ్డాను. ఆయన ఉలిక్కిపడ్డారు.

"ఏటమ్మా? ఎవులికైనా బాగోలేదేటి?"

"అందరూ బాగున్నారు బావగారూ. మీరు ఏ రోజు పుట్టినారు?"

"ఇదేటి ప్రశ్న? పండగ మర్నాడు. అమ్మ ఏటా మర్నాడే పరమాన్నం వండీది, నీకు తెల్దేటి?"

"మర్నాడు కాదు. పండగనాడే. ఈ గదిలోనే" అన్నాను. మొత్తం చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన చేతిలో బెల్లం దిమ్మ అలాగే ఉంది. ఈగలు వాలుతున్నా తోలుకోలేదు. మైల సంగతి దాచడానికి పుట్టినరోజుని మర్నాటికి జరిపారన్న దగ్గరికి వచ్చేసరికి ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నారు.

"ఆ బెల్లం" అన్నారు చేతిలో దిమ్మ చూసుకుంటూ. "పెరటి తలుపు కాడ నా సేత ఇప్పించీది. ఎందుకే అమ్మా అంటే, డప్పు తోలుకి రాస్తారురా అనీది. నాను నమ్మినాను. అమ్మ పోయినాక, డప్పు తోలుకి బెల్లమేటని, ఆపేసింది నానే."

బయటికి వచ్చేశాను. ఆ రాత్రి ఆయన భోజనానికి రాలేదు.

ఆదివారం కమిటీ కూర్చుంది. నేను తలుపు వెనక. బావగారు పడక్కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు, నిద్రపోతున్నారో ఏమో తెలియదు.

"ఏటి పిన్నీ, తెలిసినాదా?" అన్నాడు వాడు.

"తెలిసినాది."

"అయితే సెప్పు మరి."

"నాను సెప్పకూడదురా బాబూ."

అందరూ మొహాలు చూసుకున్నారు. "ఇదేటి పిన్నీ, నెల్లిమర్ల దాకా స్కూటీ ఎక్కి ఎల్లి, తీరా ఇప్పుడు సెప్పకూడదంటావు" అని వాడు కాగితం మడిచేశాడు. "సరే, అయితే రోడ్డే."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు కుర్చీ కిర్రుమంది.

"కూకోరా" అన్నారు బావగారు. లేచి నిలబడ్డారు. "పురుడు నాది. నానే సెప్తాను."

చెప్పారు. ఆయనకి కథ చెప్పడం చేతకాదు, సరుకుల పట్టీ చదివినట్టు చెప్పారు. అంతా అయ్యాక కొడుకు నోరు తెరుచుకుని అడిగాడు. "అయితే నాన్నా, నువ్వు పుట్టడానికి అమ్మోరిని ఆపీసినారా?"

"ఆపినారు. అమ్మోరు ఆగినాది. మరి నీ వ్యాను ఆగదేటి?"

ఇంకేముంది, మంగళవారం వచ్చింది. వ్యాను రోడ్డు మీదే నోరు మూసుకుని నిలబడింది. ఘటం సందులోకి తిరిగింది. సంగతి అప్పటికే పేటంతా పాకిపోయి, మేడల మీద కూడా జనం. నెల్లిమర్లనుంచి పెద్దాయన్ని ఆటోలో తీసుకొచ్చి మలుపు దగ్గర కుర్చీ వేశాం. మోత దగ్గరవుతూంటే నా గుండె కూడా దానితోపాటే దంచుతోంది. మలుపు దగ్గరికి వచ్చాయి డప్పులు. ఆగాయి.

అంతమంది జనం, ఒక్క చప్పుడు లేదు. ఏదో ఇంట్లో కుక్కరు కూత పెట్టింది. సెల్‌ఫోన్ల కొట్టులో ఎవరిదో ఫోను మోగబోయి ఆగిపోయింది. బావగారు చెంబు పట్టుకుని ముందుకి వచ్చారు. వంగి, పసుపు నీళ్లు నేలమీద పోశారు. లేవలేకపోతే నేనే చెయ్యి ఇచ్చాను, అందరి ఎదురుగా. ఆయన నిలబడి మా ఇంటి గోడవైపు చెవి పెట్టారు, అవతల ఏదో వినబడుతున్నట్టు. అప్పుడు పెద్దాయన ఒక డప్పు తన ఒళ్లోకి తీసుకుని వేళ్లతో మొదలుపెట్టాడు.

ఘటం దాటిపోయాక బావగారు మనిషి తలకాయంత దిమ్మ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టారు. పెద్దాయన ఒక ముక్క గిల్లి నోట్లో వేసుకుని, "మీ అమ్మ ఇచ్చిన బెల్లం నల్లగా ఉండీది. ఇది కొంచెం ఉప్పగా ఉన్నాది" అన్నాడు.

"కళ్లు కనపడవు గదా, నలుపు నీకెలాగ తెలిసినాది?" అన్నారు బావగారు.

"నాలిక్కి కనపడతాది" అన్నాడు ఆయన, ఇంకో ముక్క గిల్లుతూ.

ఆ పూటే పరమాన్నం వండమన్నారు బావగారు. మర్నాటిదాకా ఆగం అన్నారు. "ఒక్క రోజు పెద్దోణ్ణయిపోనానమ్మా" అని నాతో అన్నారు, నా మొహం చూస్తూ. నేను తలుపు వెనక్కి వెళ్లలేదు. గిన్నె పట్టుకుని ఎదురుగానే నిలబడి వడ్డించాను. ఒక గరిటె తీసి ఆకులో పెట్టి, మలుపులో కొట్టు మెట్టు మీద ఉంచి వచ్చాను, ఆవిడ గడప ఉండే చోట.

ఇంత ఓపిగ్గా విన్నారు, మీ కడుపు చల్లగుండాలి. మీ ఇంట పుట్టే ప్రతి బిడ్డ తొలి ఏడుపూ మీ చెవిన పడాలి. దాని కోసం వీధి వీధంతా ఒక్క క్షణం ఆగాలి. మీ ఇంటి కష్టం గుట్టుగా దాచి మీ చేత బెల్లం మాత్రమే తినే మనుషులు మీ గోడ పక్కన ఎప్పుడూ ఉండాలి. అమ్మ మీ గడప ముందు ఆగి, చూసి, చల్లగా దాటిపోవాలి.